వీధి చివర అపార్ట్‌మెంట్ లేస్తోందా? ముందు టేపు తీయండి

కర్నూలులో మా కాలనీ చివర ఏళ్లుగా కంపచెట్లతో పడి ఉన్న స్థలంలో ఒకరోజు పొద్దున్నే జేసీబీ దిగింది. సాయంత్రానికి ఫ్లెక్సీ లేచింది. దాని మీద ఐదంతస్తుల రంగుల బొమ్మ, కింద ఫోన్ నంబరు. ఆ రాత్రి వీధి దీపం కింద ముప్పై మందిమి చేరాం. లారీలను అడ్డుకుందామని ఒకరు, ఎమ్మెల్యే దగ్గరికి పోదామని ఒకరు, పేపరోళ్లను పిలుద్దామని ఇంకొకరు. రెండు గంటలు అరుచుకున్నాక ఒక సంగతి బయటపడింది. ఆ స్థలం ఎన్ని సెంట్లు, అందులో ఎన్ని ఫ్లాట్లు, పర్మిషన్ వచ్చిందా లేదా, ఇవేవీ మాలో ఒక్కరికీ తెలియవు.

రెండు నెలలు అలాగే పోయాయి. సంతకాలు పెట్టి ఇచ్చిన అర్జీలకు జవాబు లేదు. చివరికి ప్లానింగ్ పని తెలిసిన ఒక ఉద్యోగి మా మీద జాలిపడి చెప్పాడు: "అన్నా, కాలనీవాళ్లు వద్దంటున్నారని ఫైలు మీద రాయలేను. ఏ రూలుకు ఎక్కడ తేడా ఉందో కొలిచి రాసుకొని రా. అప్పుడు నా పెన్ను కదులుతుంది." ఆ మాటతోనే మా పని దారిలో పడింది. కల్లూరు వైపు ఉన్నా, నంద్యాల రోడ్డు వైపు ఉన్నా, అనంతపురం, కడప శివార్లలో ఉన్నా మీకు ఆ రెండు నెలలు కలిసి రావాలని ఇది రాస్తున్నాను.

మొదటి పని: ఏం కడుతున్నారో తెలుసుకోవడం

ఫ్లెక్సీని ఫోటో తీయండి, తేదీ పడేలా. సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, ఎన్ని అంతస్తులు, యజమాని ఎవరు, బిల్డర్ ఎవరు అన్నవి ఒక నోట్‌బుక్కులో రాయండి. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ అని ఒకరు ఉంటారు. కట్టడాల సంగతి మొదట తెలిసేది ఆయనకే. మర్యాదగా వెళ్లి అడిగితే అప్లికేషన్ పడిందా, మంజూరైందా అన్నంత వరకు చాలాసార్లు నోటిమాటగానే తెలిసిపోతుంది.

తర్వాత రెరా, అంటే ఫ్లాట్లు కట్టి అమ్మే ప్రాజెక్టుల మీద నిఘా ఉంచే సంస్థ, దగ్గర చూడండి. 2016 రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టును రిజిస్టర్ చేయించాలి. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకే. ఆ రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ఏపీ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరుతో వెతికితే ఇచ్చిన ప్లాను, కాగితాలు కనిపిస్తాయి. ఫ్లెక్సీ మీద రెరా నంబరు లేకుండా "బుకింగ్స్ ఓపెన్" అని ఉంటే మీ మొదటి ఫిర్యాదు అక్కడే దొరికినట్టు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) తీయించండి. నిషేధిత భూముల జాబితాలో, అంటే 22-ఏలో ఉందేమో చూడండి. పాత లేఅవుట్ కాలనీ అయితే లేఅవుట్ ప్లాను కాపీ తప్పకుండా సంపాదించాలి. పార్కుకో, బడికో వదిలిన ఖాళీ స్థలమే ఇరవై ఏళ్ల తర్వాత ఫ్లాట్లుగా మారిన ఊళ్లు ఉన్నాయి. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే ఆ వీధివాళ్లే కోర్టుకెక్కారు. ఆ ప్రాంతంలో ఉండేవాళ్లకు అడిగే హక్కు ఉందని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు ఆ స్థలంలో సెంటు భూమి లేకపోయినా సరే, మీ పార్కు గురించి మీరు అడగొచ్చు.

దేన్ని వద్దంటున్నారో కూర్చొని తేల్చుకోండి

గుడి అరుగు మీదో, ఎవరింటి మిద్దె మీదో కూర్చోండి. ఆడవాళ్లు తప్పకుండా రావాలి. నీళ్లు ఏ రోజు ఎంతసేపు వస్తాయో, కాలువ ఎక్కడ పొంగుతుందో వాళ్లకు తెలిసినట్టు మగవాళ్లకు తెలియదు. అద్దెకున్నవాళ్లనూ పిలవండి.

అందరి బాధలూ ఒక కాగితం మీద రాసి, వాటిని రెండు వైపులుగా విడదీయండి. ఒక వైపు కొలవగలిగినవి: రోడ్డు, నీళ్లు, మురుగు, వాననీరు, పార్కింగు, సెట్‌బ్యాక్ (భవనానికి, స్థలం హద్దుకు మధ్య వదలాల్సిన ఖాళీ), మంట లేస్తే ఫైరింజను తిరిగే జాగా. రెండో వైపు కొలవలేనివి: మా మిద్దె మీదికి చూస్తారు, ఎండ పడదు, ప్రశాంతత పోతుంది. రెండో వైపువి అబద్ధాలేం కావు. ముప్పై ఏళ్లు కష్టపడి కట్టుకున్న ఇంటి పెరట్లో ఎండ పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఫైలు మీద నిలబడేవి మొదటివే. ఎండ, గాలి మాట కూడా సెట్‌బ్యాక్ లెక్కలో పెడితేనే చెల్లుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మా మీటింగులో ఒకాయన "ఫ్లాట్లంటే ఎవరెవరో వస్తారు, మన కాలనీ వాతావరణం చెడిపోతుంది" అన్నాడు. ఆ మాట మినిట్స్‌లో రాయనివ్వలేదు. వచ్చేవాళ్ల కులం, మతం, వాళ్లు తినే తిండి మన అభ్యంతరం కాకూడదు. అది తప్పు. పైగా అలాంటి వాక్యం ఒక్కటి అర్జీలో పడితే మిగతా పది నిజాలూ దాని కింద నలిగిపోతాయి. ఊళ్లో ఇళ్లు కావాలి. పల్లెల నుంచి పిల్లల చదువుల కోసం వచ్చేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

మూడో పని, అన్నిటికంటే ముఖ్యమైనది: కొలవడం

వంద అడుగుల టేపు, సుద్దముక్క, నోట్‌బుక్కు, ఫోన్. ఆదివారం పొద్దున ఆరింటికి, బండ్లు తిరగక ముందు మొదలుపెట్టండి. మా వీధిలో రిటైరైన సర్వేయరు ఒకాయన ఉన్నాడు. టేపు ఎలా బిగించి పట్టాలో, ఎక్కడి నుంచి ఎక్కడికి పట్టాలో ఆయనే చూపించాడు. మెయిన్ రోడ్డు నుంచి స్థలం దాకా ప్రతి యాభై అడుగులకు ఒక గీత గీసి, అక్కడ కాలువ నుంచి కాలువకు, గోడ నుంచి గోడకు రెండు కొలతలు రాశాం. లేఅవుట్‌లో రోడ్డు 40 అడుగులు. స్థలం ముందు నిజంగానే 39 ఉంది. కానీ వీధి మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర, టేపు 27 దగ్గర ఆగిపోయింది. ఎవరం మాట్లాడలేదు. రోజూ అక్కడే బండి స్లో చేస్తాం, ఒక్కరోజూ ఎందుకని అడగలేదు.

ఈ కొలత ఎందుకంటే, 2017లో జీవో 119తో వచ్చిన ఏపీ బిల్డింగ్ రూల్స్‌లో ఎత్తు, సెట్‌బ్యాక్ అనేవి స్థలం సైజును, దాన్ని ఆనుకున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటాయి. ఆ పట్టికలు తీసుకొని, తర్వాత వచ్చిన సవరణలతో సహా, ఒక లైసెన్స్‌డ్ ఇంజినీరుతో చదివించుకోండి. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డును వెడల్పు చేయాలని ఉంటే, ఆ మేరకు స్థలం వదిలించుకున్నారో లేదో కూడా చూడాలి. ఎత్తు 18 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, కావాలి. మొత్తం కట్టుబడి 20,000 చదరపు మీటర్లకు, అంటే సుమారు రెండు లక్షల పదిహేను వేల చదరపు అడుగులకు చేరితే 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి ముందే తీసుకోవాలి.

నీళ్ల లెక్క చాలా తేలిక. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్లానింగ్‌లో పట్టుకుంటారు. అరవై ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు అనుకుంటే రోజుకు 32,400 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే ఆరున్నర. ఆ నీళ్లు ఎక్కడి నుంచి? కార్పొరేషన్ లైనా, బోర్లా, ట్యాంకర్లా? బోరు వేయాలంటే 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి ఉండాలి. మీ వీధిలో ఉన్న బోర్ల లోతు, ఏ నెలలో నీళ్లు తగ్గుతాయో ఇంటింటికీ తిరిగి రాయండి. కుళాయి వచ్చే టైము, బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నెల రోజులు రాయండి. మా వీధిలో ఈ పని ఒక ఇంటర్ చదివే పిల్ల చేసింది. ఆమె క్యాలెండరు మీద పెన్సిల్‌తో రాసిన అంకెలే తర్వాత మా అర్జీకి ప్రాణం పోశాయి.

వాననీరు మన జిల్లాల్లో ప్రాణాల సంగతి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మునిగినప్పుడు మిద్దెల మీద రాత్రంతా కూర్చున్నవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. కడపవాళ్లకు బుగ్గవంక, అనంతపురం వాళ్లకు 2022లో నడిమివంక చేసింది తెలుసు. వంకను పూడ్చి కట్టిన గోడను వాన మరచిపోదు. లెక్క చూడండి: ఎకరా స్థలం మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్లు. మట్టి నేల కొంత తాగేది, కాంక్రీటు తాగదు. ఆ నీళ్లు ఏ కాలువలోకి పోతాయి, ఆ కాలువ ఎంత వెడల్పు, చివరికి ఎక్కడ కలుస్తుంది? నడుచుకుంటూ పోయి ఫోటోలు తీయండి. పాత ఇళ్ల గోడల మీద 2009 నీటి గుర్తు ఎవరైనా ఉంచుకొని ఉంటే నేల నుంచి ఎంత ఎత్తో కొలిచి రాయండి. సర్వే ఆఫీసులో ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం) తీస్తే ఆ పొలంలో వంక పొరంబోకు, అంటే వంకకు వదిలిన ప్రభుత్వ భూమి, ఉందా అన్నది తెలుస్తుంది.

కాగితాలు తెప్పించుకోవడం

సమాచార హక్కు దరఖాస్తు తెల్లకాగితం మీద రాయొచ్చు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. "ఎందుకు అనుమతిచ్చారు?" అని అడగకండి. ఎందుకు అన్నదానికి జవాబు రాదు, కాగితం ఏది అంటే వస్తుంది. ఇలా రాయండి:

"ఫలానా సర్వే నంబరులో ప్రతిపాదిత నివాస భవనానికి సంబంధించి 1) దరఖాస్తుతో ఇచ్చిన సైట్ ప్లాను, మంజూరైన ప్లాను కాపీలు, 2) సైట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు కాపీ, 3) రోడ్డు వెడల్పును ధ్రువీకరించిన కాగితం, 4) ఫైర్, నీటి సరఫరా, డ్రైనేజీ విభాగాల ఎన్‌ఓసీలు, 5) కార్పొరేషన్‌కు తనఖా పెట్టిన భాగం ఉంటే దాని వివరాలు ఇప్పించగలరు. సదరు ఫైలును స్వయంగా పరిశీలించే అవకాశం కూడా ఇవ్వగలరు."

ఆ చివరి వాక్యం మరవొద్దు. ఫైలు ముందు కూర్చుంటే కాపీల్లో రానివి కళ్లకు కనిపిస్తాయి. మా వీధి మొదట్లో అసలు లేని మూడడుగుల కాలువ ఒక డ్రాయింగులో నీలిరంగు గీతగా పారుతోందని అలాగే తెలిసింది.

జవాబుకు గడువు 30 రోజులు. థర్డ్ పార్టీ సమాచారం అంటూ బిల్డర్‌కు నోటీసు పంపితే 40 రోజుల దాకా పట్టొచ్చు. రాకపోతే 30 రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

అభ్యంతరం రాసేటప్పుడు

రెండు పేజీలు దాటనివ్వకండి. ఒక్కో అంశానికి మూడే ముక్కలు: నిబంధన ఏమంటోంది, నేల మీద ఏముంది, మీరు ఏం కోరుతున్నారు. "ఈ వీధి ప్రవేశం దగ్గర రోడ్డు వెడల్పు 27 అడుగులు (కొలత పట్టిక, ఫోటో జతచేశాం). సైట్ ప్లానులో 40 అడుగులని చూపారు. ఉమ్మడి కొలత వేయించి, ఆ కొలత ప్రకారమే ఎత్తును నిర్ణయించగలరు." ఇంతే. దండం పెట్టడాలు, శాపాలు, రాజకీయ నాయకుల పేర్లు వద్దు.

మున్సిపల్ కమిషనర్‌కు ఇచ్చి, ప్రతులు టౌన్ ప్లానింగ్ విభాగానికి, మీ పట్టణాభివృద్ధి సంస్థకు పంపండి. ఇన్‌వర్డ్‌లో ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి. సోమవారాలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ నమోదు చేయిస్తే నంబరు వస్తుంది. ఆ నంబరుతోనే తర్వాత గట్టిగా అడగగలుగుతారు. భూ వినియోగ మార్పిడి కోసం పేపర్లో ప్రకటన వచ్చి ఉంటే, అందులో ఇచ్చిన గడువు లోపలే అభ్యంతరం చేరాలి. ఒక్కరోజు ఆలస్యమైనా పక్కన పెట్టేస్తారు.

సంఘం లేకపోతే పెట్టుకోండి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. చందాకు రసీదు, ఖర్చుకు బిల్లు, ప్రతి నెలా లెక్క వాట్సాప్‌లో. చాలా కాలనీల పోరాటాలు డబ్బు అనుమానాల మీదే విరిగిపోయాయి.

బిల్డర్‌తో మాట్లాడండి, కానీ ఒంటరిగా పోకండి

ముగ్గురు వెళ్లండి, టీ తాగండి, మాట్లాడింది అదే రోజు కాగితం మీద పెట్టి ఆయనకు పంపండి. ఎవరికైనా విడిగా ఫ్లాటు మీద డిస్కౌంటు, గోడకు రంగు అంటూ ఆశ చూపితే అది మీటింగులో చెప్పాలని ముందే ఒట్టు పెట్టుకోండి. ఆయన కూడా అప్పు తెచ్చే కడుతున్నాడు, కోర్టు కేసంటే ఆయనకూ టెన్షనే. అందుకే అడగదగ్గవి అడిగితే కొన్ని దిగి వస్తాయి: పార్కింగంతా లోపలే, వాననీటి కాలువ మెయిన్ డ్రెయిన్ దాకా ఆయన ఖర్చుతో, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పని బంద్, లారీల మీద దుమ్ము లేవకుండా టార్పాలిన్ పట్టా, పిల్లలు బడికి పోయే గంటలో ఇసుక లారీ రాకూడదు.

సెల్లార్ తవ్వుతారని తెలిస్తే ఈ పని ఆ రోజే చేయండి. చుట్టుపక్కల ప్రతి ఇంట్లో గోడలు, స్లాబు మూలలు, గచ్చు ఫోటోలు తీయండి, ఆ రోజు దినపత్రిక పక్కన పెట్టి. ఇప్పటికే ఉన్న పగులు మీద అడ్డంగా సన్నని గాజు ముక్క రెండు కొనల్లో సిమెంటుతో అంటించి, పక్కన తేదీ రాయండి. కింద బండ తగిలి బ్రేకర్ పెట్టినప్పుడు ఇల్లు కదిలితే ముందు ఆ గాజు పగులుతుంది. మా పక్కింటి అవ్వ రోజూ దేవుడికి దీపం పెట్టాక ఆ గాజును వేలితో తడిమి చూసేది. పందొమ్మిదో రోజు అది చిట్లింది. ఆ ఫోటో పంపిన సాయంత్రమే బ్రేకర్ ఆపి, తవ్విన అంచుకు దన్ను కట్టారు.

కోర్టు దాకా పోవాల్సి వస్తే

ఆలస్యం చేయకండి. మూడో స్లాబు పడ్డాక వెళ్తే "ఇన్నాళ్లు ఎక్కడున్నారు?" అనే మొదటి ప్రశ్న వస్తుంది. అధికారులు నిబంధన పాటించలేదంటే హైకోర్టులో రిట్, మీ ఇంటికి నేరుగా నష్టమంటే ఇక్కడి సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు). ఏది సరిపోతుందో మీ కాగితాలు చూసిన లాయరే చెప్పాలి. బిల్డర్ ముందే కేవియట్ వేసి ఉండొచ్చు, అప్పుడు ఆయన మాట వినకుండా స్టే రాదు. ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత సాయం ఉంది.

నోయిడాలో జంట టవర్లను 2021లో కూల్చమని సుప్రీంకోర్టు చెప్పడానికి, 2022 ఆగస్టులో అవి నేలకూలడానికి కారణం అక్కడి నివాసుల సంఘమే. వాళ్ల వాదనలో ముఖ్యమైన వాటిలో ఒకటి భవనాల మధ్య ఉండాల్సిన దూరం. మళ్లీ టేపు సంగతే. అయితే వాళ్లకు పట్టింది దాదాపు పదేళ్లు, అదీ గుర్తుంచుకోండి.

లారీలకు అడ్డంగా పడుకోవడం, పనివాళ్లను బెదిరించడం, వాట్సాప్‌లో లంచం తిన్నారని పేర్లు పెట్టి రాయడం వద్దే వద్దు. అవి మీ మీద కేసులుగా తిరిగి వస్తాయి. ఇటుకలు మోసేవాళ్లు ఎక్కడి నుంచో వలస వచ్చిన కూలీలు, వాళ్లతో మనకు తగువేం లేదు. ఎండాకాలం వాళ్లకు మంచినీళ్లు ఇవ్వండి.

కట్టడం మొదలయ్యాక

చాలా సందర్భాల్లో అపార్ట్‌మెంట్ పూర్తిగా ఆగదు. మాదీ ఆగలేదు. ఉమ్మడి కొలత వేయించాక ఒక అంతస్తు తగ్గింది, కాలువ వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కకు జరిగింది. అప్పటి నుంచి మా పని మంజూరైన ప్లానును పక్కన పెట్టుకొని చూడటమే. ప్రతి స్లాబుకు ఒక ఫోటో, ప్రతి వైపు సెట్‌బ్యాక్ కొలత. డీవియేషన్, అంటే ప్లానుకు తేడా, కనిపిస్తే పిల్లర్ల దశలోనే రాతపూర్వకంగా ఇవ్వండి. స్టిల్ట్‌లో (పిల్లర్ల మీద ఖాళీగా వదిలే కింది అంతస్తులో) పార్కింగు బదులు గదులు లేపుతున్నారేమో చూడండి, ఎక్కువగా జరిగేది అదే.

చివరిది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టింది ప్లాను ప్రకారమే ఉంది, ఇక కాపురం ఉండొచ్చని ఇచ్చే పత్రం. 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఆ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది చూశాకే అప్పు ఇవ్వాలని చెప్పింది. కాబట్టి దానికి దరఖాస్తు పడే నాటికి మీ కొలతలు, ఫోటోలు కమిషనర్ టేబుల్ మీద ఉండాలి. ఇంకుడు గుంత తవ్వారా, వాననీటి పైపు రాసిచ్చిన కాలువలోనే కలిపారా అన్నది ఆ వారంలోనే వెళ్లి చూడండి. వీలైతే వాన పడుతున్నప్పుడు, గొడుగు పట్టుకొని.